ఎడమ పక్క జోడి

కాలనీల్లో పడవలు తిరిగిన వరద వచ్చి పోయాక అది రెండో ఏడు. ఆనాడు మగ్గం గుంత నిండి గోడ మీదికి ఎక్కిన నీళ్ల మరక మోకాలెత్తున ఇంకా అలాగే ఉంది. గుండయ్య ఆ మరక కింద చీపురుతో ఊడుస్తున్నాడు. ఊడ్వడానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు. ఐదు నెలలుగా ఆ మగ్గం మీద ఎవరూ కూర్చోలేదు. దారపు నలుసులు రాలితే కదా చెత్త. అయినా పొద్దున్నే లేచి, మొహం కడుక్కుని, చాయ తాగి, ఆ రేకుల కొట్టంలోకి వచ్చి నాలుగు మూలలూ ఊడ్వనిదే అతనికి పొద్దు పొడిచినట్టు ఉండదు.

మగ్గం మీద సగం నేసిన జంపఖానా ఉంది. ఎరుపు మీద నీలం చారలు. తొమ్మిది చారలు అయ్యాయి. పదోది మధ్యలో ఆగింది. అడ్డపోగును అటూ ఇటూ మోసే నాడె కుడి వైపు, జోడిగా నేసే పండరి కూర్చునే పక్కన ఉంది. ఎడమ నుంచి గుండయ్య విసిరాడు, పండరి అందుకున్నాడు, తిరిగి విసరబోయి చెయ్యి దించేశాడు. "బావా, జర కండ్లు తిరుగుతానయ్" అన్నాడు. అంతే. ఆనాటి నుంచి నాడె అక్కడే ఉంది. గుండయ్య దాని చుట్టూ దుమ్ము తుడుస్తాడు గాని దాన్ని కదిలించడు. విసరాల్సిన చెయ్యి వచ్చి విసరాలి.

కొత్తవాడలో ఇలాంటి వెడల్పు మగ్గాలు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టాలి. పెళ్లిళ్లలో, సభల్లో, చావు ఇళ్ల ముందు పదిమంది కూర్చోవడానికి పరిచే గుడ్డ ఈ జంపఖానా. దాని వెడల్పుకు ఒక్కడి చెయ్యి అందదు. ఎడమ పక్క ఒకడు, కుడి పక్క ఒకడు కూర్చుంటారు. నాడె ఒకడి చేతి నుంచి ఇంకొకడి చేతికి పోతుంది. ఒకడు విసురుతుంటే ఇంకొకడి చెయ్యి కదలకుండా కాచుకుని ఉండాలి. పోగు పడ్డాక బరువైన చెక్క పలకను చెరో చివర పట్టి, ఒక్క ఊపిరిలో తమ వైపు లాగి కొట్టాలి. ఒకడి దెబ్బ ముందు పడితే చార వంకరపోతుంది. గుండయ్య, పండరి ముప్పై నాలుగేళ్లు నేశారు. చార వంకరపోయిందని ఏ షావుకారూ జంపఖానా తిప్పి పంపలేదు. వాడలో ఇద్దరి పేర్లనూ కలిపి ఒక్కడి పేరులా పిలిచేవారు. గుండయ్యపండరి ఉన్నడా, అనేవారు. ఎవరు ఇంట్లో ఉంటే వాళ్లు పలికేవారు.

గుండయ్యకు అరవై ఆరేళ్లు. గుంతలో కాళ్లు దించి కూర్చుని కూర్చుని నడుం ముందుకు ఒంగిపోయింది. నడిచేటప్పుడు కూడా కూర్చున్నవాడిలాగే ఉంటాడు. ఎడమ బొటనవేలి మొదట్లో నాడె తగిలి తగిలి చింతగింజంత కాయ కాసింది. బడిలో మూడో తరగతి దాకా చదివాడు. బస్సు బోర్డు చదవడానికి అది చాలింది. మాట బహు తక్కువ. పండరి మాట ఇంకా తక్కువ. పొద్దున కూర్చుంటే పొద్దుగూకే దాకా ఇద్దరి మధ్య పది మాటలు నడిస్తే ఎక్కువ. అందులో ఆరు "ఊఁ" లే.

వసారాలో భార్య బక్కమ్మ చరఖా తిప్పుతూ నాడెల్లో పెట్టే దారపు కండెలు చుడుతోంది. పండరి పడ్డాక ఆ ఇంటికి అదే పని. ఇతరుల మగ్గాలకు కండెలు చుట్టి ఇవ్వడం. గుండయ్య కూడా మధ్యాహ్నాలు ఆమె పక్కన కూర్చుని చుడతాడు గాని, ఆడవాళ్ల పని తన చేతికి వచ్చిందని అతని వేళ్లు ఒప్పుకోవు. దారం రెండు గజాలకోసారి తెగుతుంది.

"ఇయ్యాల సోమవారమాయె. సవతి కాడికి పోవుడేనా?" అంది బక్కమ్మ తల ఎత్తకుండా.

గుండయ్య చీపురు మూలకు ఆనించాడు.

"పదిమందికి వినబడేటట్టు నవ్వుతాండట గద పండరన్న. ఆయన పెండ్లాం అనసూర్య చెప్పింది. పెండ్లి చేసుకున్ననాడు గూడ ఆయన పండ్లు నాకు కనబడలే."

"ఇడ్లి కట్టినవా?"

"కట్టిన. ఉప్పు లేదు, చట్ని లేదు. గాయనకు తినబెట్టు, సవతికి పెట్టకు."

గుండయ్య డబ్బా సంచిలో పెట్టుకుని బయటికి నడిచాడు. వెనక నుంచి బక్కమ్మ నవ్వు చరఖా చప్పుడులో కలిసి వచ్చింది. ఆమెకు అది నవ్వులాట. గుండయ్యకు మూడు నెలలుగా ఒకటి మింగుడు పడటం లేదు. దానికి పేరు పెట్టడం అతనికి చేతకాలేదు. దవాఖానలో పండరికి దొరికిన కొత్త జోడిని సవతి అని ఆమె ఒక్క మాటలో తేల్చేసింది.

మట్టెవాడ దాకా నడిచి, అక్కడ షేరింగ్ ఆటో ఎక్కాడు. హనుమకొండలో దవాఖాన. వారంలో మూడు రోజులు, సోమ, బుధ, శుక్రవారాలు కిడ్నీలు పాడైన పండరికి అక్కడ రక్తం కడుగుతారు. నాలుగు గంటలు పడుతుంది. పొద్దున అనసూర్య భర్తను తీసుకుపోతుంది. పన్నెండింటికి గుండయ్య పోయి కూర్చుంటే ఆమె ఇంటికి వచ్చి వంట చూసుకుంటుంది. సాయంత్రం పండరిని తీసుకురావడం గుండయ్య వంతు. ఈ వంతు ఎవరూ చెప్పి పెట్టింది కాదు. మొదటి రోజు అతను పోయాడు, అలాగే నిలిచిపోయింది.

మొదటి రెండు నెలలు బాగానే ఉంది. పండరి పడుకునేవాడు, గుండయ్య పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. ఎడమ చేతిలో సూదులు, రెండు గొట్టాలు. ఒకదానిలో రక్తం బయటికి పోతుంది, ఒకదానిలో తిరిగి వస్తుంది. గుండయ్య ఆ రెండు ఎర్ర పోగులనూ చూస్తూ కూర్చునేవాడు. పోయింది తిరిగి వస్తున్నంతసేపూ ఫికర్ లేదు. మాటలు లేవు, అయినా మగ్గం మీద ఉన్నట్టే ఉండేది.

తరువాత పక్క బెడ్డుకు మహిపాల్ వచ్చాడు. ముప్పై ఆరేళ్లవాడు. హనుమకొండలో మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే చిన్న దుకాణం. అతనికి ఎడమ చేతి నరం పాడైతే కుడి చేతికి సూదులు పెట్టారు. కాబట్టి అతనికి ఎడమ చెయ్యి ఖాళీ. పండరికి కుడి చెయ్యి ఖాళీ. ఇద్దరికీ కలిపి రెండు చేతులు.

మహిపాల్ దగ్గర ఒక ఆట మిషన్ ఉంది. మూరెడు కూడా ఉండదు. నడుమ అద్దం, ఆ చివర ఈ చివర రెండు పిడులు. పిడులను లాగితే ఊడి వస్తాయి, విడిగా పట్టుకున్నా పనిచేస్తాయి. ఎడమ పిడి అద్దంలోని మనిషిని నడిపిస్తుంది. కుడి పిడి కత్తి దూస్తుంది, దూకిస్తుంది. ఒంటి చేత్తో రెండూ పట్టలేక, మోచేతితో నొక్కుతూ, పళ్లు బిగించి మహిపాల్ అవస్థ పడుతుంటే పండరి రెండు రోజులు చూశాడు. మూడో రోజు అన్నాడు.

"ఇటియ్యి. కుడి పక్క నేను పడ్త."

గుండయ్య స్టూలు మీద నిటారుగా అయ్యాడు. ఆ మాట అతనికి తెలుసు. ముప్పై నాలుగేళ్ల కింద, గుండయ్య తండ్రి పోయి, మగ్గం మీద కుడి పక్క ఖాళీ అయిన పదకొండో రోజు, ఇరవై తొమ్మిదేళ్ల పండరి గడపలో నిలబడి అక్షరం పొల్లుపోకుండా ఇదే మాట అన్నాడు. అప్పటి నుంచి ఆ మాట తనదే అనుకున్నాడు గుండయ్య. ఇంకొకరికి కూడా ఇవ్వొచ్చని అతనికి తోచలేదు.

ఆ రోజు నుంచి వాళ్లిద్దరిదీ ఒక లోకం. ఆ అద్దంలో వాళ్లకు ఒక మేకపోతు ఉంది, దాని పేరు బొల్లి. వాళ్లు పోయిన ఊళ్లు ఉన్నాయి, దాటిన వాగులు ఉన్నాయి. "మామా, బొల్లిని గుట్ట కిందనే ఇడిసి పెట్టినం, యాదున్నదా" అని మహిపాల్ అంటే, "ఉన్నది, ఉన్నది, నువ్వు నడువు" అని పండరి అనేవాడు. నవ్వేవాడు. గుండయ్య స్టూలు మీద కూర్చుని గొట్టాలు చూసేవాడు. అతనికి అద్దం సగమే కనబడేది. వంగి చూస్తే చూస్తున్నానని తెలిసిపోతుందని వంగేవాడు కాదు.

మొన్న శుక్రవారం ఒక పని చేశాడు. పండరిని బయట బెంచీ మీద కూర్చోబెట్టి, చద్దరు మరిచిపోయానని లోపలికి వచ్చి, సిస్టర్ రాజశ్రీ దగ్గర నిలబడ్డాడు.

"బిడ్డా, ఆ ఆట తోటి మా బావకు నిద్ర లేదు. ఆ పిలగాన్ని వేరే బెడ్డుకు మార్చరాదు?"

అబద్ధం. పండరి ఇంటికి పోయి మంచి నిద్ర పోతున్నాడని అనసూర్యే చెప్పింది. రాజశ్రీ అతని మొహం ఒక నిమిషం చూసి, "అడుగుత తాతా" అంది. చద్దరు సంచిలోనే ఉంది.

సోమవారం గుండయ్య వార్డులోకి వచ్చేసరికి, ఐదో బెడ్డు మీద ఎవరో ముసలమ్మ గుర్రు పెట్టి నిద్రపోతోంది. మహిపాల్ లేడు. గుండయ్య ఒక్క క్షణం గుమ్మంలోనే ఆగాడు. నోట్లో బెల్లం ముక్క వేసుకున్నట్టయింది. రాజశ్రీ వైపు చూశాడు. ఆమె అతన్ని చూసి చూపు కాగితాల్లోకి దించుకుంది. పని చేసి పెట్టింది, నలుగురిలో బయటపడటం లేదు అనుకున్నాడు.

అనసూర్య అతను రాగానే లేచింది. రోజూ చెప్పే నాలుగు మాటలు కూడా చెప్పలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. వంటకు ఆలస్యమైనట్టుంది అనుకున్నాడు.

పండరి పైకప్పు చూస్తూ పడుకున్నాడు. ఎప్పుడూ సన్నగానే ఉండేవాడు, ఇప్పుడు చద్దరు కింద ఉన్నాడా లేడా అన్నట్టున్నాడు. మొహం పాత ఇత్తడి రంగు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. అతని పొట్ట మీద మిషన్ ఉంది.

"మహిపాల్ రాడు" అన్నాడు పండరి.

"ఊఁ" అన్నాడు గుండయ్య. స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు. "గిదేంది, ఇది ఇడిసిపెట్టి పోయిండు?"

"పంపిండు."

బెడ్డు మార్చినందుకు అలిగి పంపించాడేమో అనుకున్నాడు గుండయ్య. అలిగితే అలగనీ.

పండరి ఖాళీ చేత్తో మిషన్‌ను తడిమి, ఎడమ పిడి ఊడదీసి, చాపాడు.

"పట్టు."

"నాకేం తెల్సు దాని సంగతి."

"ఎడమ పక్క నీదే గద. పట్టు."

గుండయ్య తీసుకున్నాడు. అరచేతిలో ఒదిగింది. అనుకున్నదానికన్నా తేలిక. వేలు ఆనే చోట పుట్టగొడుగులాంటి బుడిపె ఉంది. దాని మీద బొటనవేలు పెట్టాడు. అక్కడ నల్ల రంగు అరిగి నున్నగా అయింది. ఇంకొకడి వేలు అరగదీసిన చోటు. గుండయ్య వేలు తీసి, పంచెకు తుడుచుకుని, మళ్లీ పెట్టాడు.

పండరి అద్దాన్ని దిండుకు ఆనించి నిలబెట్టాడు. మొదటిసారి గుండయ్యకు అది పూర్తిగా కనబడింది.

లోపల ఒక దేశం ఉంది. అంత చిన్న అద్దంలో అంత దూరం ఎలా పట్టిందో తెలియలేదు. గుట్టల వెనక గుట్టలు, వాటి వెనక మబ్బులు. నీలం కంబళి కప్పుకున్న పిల్లగాడు ఒకడు వీపున కత్తితో గడ్డిలో నిలబడి ఉన్నాడు. ఎవరూ ఏమీ నొక్కలేదు. అయినా గడ్డి ఊగుతోంది. ఒకవైపు నుంచి గాలి వచ్చినట్టు, వరుస వెనక వరుస వంగుతోంది, లేస్తోంది. మనిషి లేని చోట కూడా ఊగుతోంది. ఎవరు చూస్తారని అంత గడ్డిని నేశారో అనుకున్నాడు గుండయ్య. పరిచాక జనం కూర్చుంటే కనబడని చోట కూడా చార తిన్నగానే వేయాలని అతని తండ్రి అనేవాడు.

"ఏడు కోటలల్ల ఏడు దీపాలు ఆరిపోయినయ్" అన్నాడు పండరి. "గా పిలగాడు ముట్టియ్యాలె. నాలుగు అయినయ్."

"ఎవరు ముట్టిచ్చిన్రు?"

"మేమిద్దరం."

గుండయ్య బుడిపెను నెట్టాడు. పిల్లగాడు పరుగెత్తి పోయి చెట్టుకు గుద్దుకున్నాడు. ఇటు నెడితే గిర్రున తిరిగాడు. ఇంకొంచెం నెడితే గట్టు మీది నుంచి జారి వాగులో పడ్డాడు. నీళ్లు అతన్ని తిప్పి తిప్పి ముంచేశాయి. అద్దం నల్లగా అయింది.

"సచ్చిపోయిండు" అన్నాడు గుండయ్య.

"లేస్తడు."

నల్లటి అద్దం మీద చిన్న మంట వెలిగింది. దాని పక్కన పిల్లగాడు కంబళి సర్దుకుంటూ లేచి నిలబడ్డాడు.

"సచ్చినోడు ఎట్ల లేస్తడు బావా?"

"ఆకరుసారి ముట్టిచ్చిన దీపం కాడ లేస్తడు. ఎన్నిసార్లయినా." పండరి మొహం అవతలి వైపు తిప్పుకున్నాడు. "అండ్ల గంతే."

నాలుగుసార్లు వాగులో పడ్డాక పిల్లగాడు గట్టు మీద నడవడం మొదలుపెట్టాడు. చెట్టు కింద నల్ల మేకపోతు కనబడింది. నుదుటి మీద తెల్ల మచ్చ. అదే బొల్లి. పిల్లగాడు దగ్గరికి పోతే అది తల ఊపింది. గుండయ్యకు నచ్చింది, కాని నచ్చిందని అనలేదు. దానికి ఆ పేరు పెట్టింది తను కాదు.

బొల్లిని ఎక్కి గుట్ట దాటారు. అవతల ఐదో కోట. గోడలు ఎప్పుడో కూలిపోయాయి. ఇరుపక్కలా ఏమీ లేకుండా ఒంటి రాతి తోరణం మైదానంలో నిలబడి ఉంది.

"మన కోట లెక్కనే ఉన్నది" అన్నాడు గుండయ్య. అతనికి తెలియకుండానే ముందుకు వంగాడు.

"మహిపాల్ గూడ గదే అన్నడు."

గుండయ్య వెనక్కి జరిగాడు. తన నోటి నుంచి వచ్చిన మాట కూడా ముందే ఒకడు వాడేసిందే.

తోరణం కింద రాతి ఎద్దు పడుకుని ఉంది. పిల్లగాడు దగ్గరికి రాగానే లేచింది. కొమ్ములు దించి ఉరికింది. పక్కకు తప్పుకుంటూనే కత్తి వేయాలి. పండరి కత్తి ఎత్తాడు. పిల్లగాడు కదలకుండా నిలబడ్డాడు. ఎద్దు కుమ్మి అవతల పారేసింది.

దీపం. కంబళి. మళ్లీ బొల్లి, మళ్లీ గుట్ట, మళ్లీ ఎద్దు. పండరి కత్తి ఎత్తినప్పుడల్లా పిల్లగాడు కొయ్యబారి నిలబడుతున్నాడు. ఆరుసార్లు చచ్చాడు.

"నడువవేంది బావా?"

"నువ్వు కొడుతున్నవ్ గద. నీది కానియ్యి."

అన్నాక గాని గుండయ్యకు తెలియలేదు తను ఏం చేస్తున్నాడో. నాడె పండరి చేతిలో ఉన్నప్పుడు తన చెయ్యి కదలకూడదు. ముప్పై నాలుగేళ్లుగా ఆ చెయ్యి నేర్చుకున్నది అదే. పండరి వేలు అటు వంగగానే ఇటు గుండయ్య వేలు దానంతట అదే ఆగిపోతోంది. ఆగిన ఆ క్షణంలోనే ఎద్దు వస్తోంది.

ఏడోసారి కూడా కుమ్మింది.

"మహిపాల్ అయితే..." అని పండరి ఆగిపోయాడు.

"అయితే?"

పండరి చూపు అద్దం మీదే ఉంది.

"అయితే ఏంది? ఆయన్నే పిలిపిచ్చుకో. ఆయన మంచిగ నడిపిస్తడు. నేను నడువరాని మనిషిని." గుండయ్య పిడిని చద్దరు మీద పెట్టేశాడు. గొంతు లేవలేదు. అతను గొంతు ఎత్తడు. కాని వరుసగా అన్ని మాటలు అతను పండరితో అని ఎన్నేళ్లయిందో. "మూడు నెలలాయె. స్టూలు మీద కూసోని మీ ఇద్దరి నవ్వులు ఇంటాన. మగ్గం మీద ఎన్నడన్న నవ్వినవా నువ్వు నాతోటి?"

పండరి కళ్లు మూసుకున్నాడు. పక్క బెడ్డు ముసలమ్మ గుర్రు వినబడుతోంది. గొట్టాల్లో రక్తం పోతోంది, వస్తోంది. గుండయ్య ఇడ్లీ డబ్బా తీసి, మూత తెరిచి, మళ్లీ మూసి పెట్టాడు. తను ఇప్పుడు లేచి పోతే సాయంత్రం ఇతన్ని ఆటో ఎవరు ఎక్కిస్తారు అన్న ఒక్క మాట మీద అతను ఆ స్టూలుకు అంటుకుని ఉన్నాడు.

పండరి కళ్లు తెరవకుండానే అన్నాడు.

"మగ్గం మీద నవ్వితే చార వంకర పోతదాయె."

గుండయ్య డబ్బాను సంచిలో పెట్టాడు.

"బావా."

"ఊఁ."

"గది నాడె గాదు. పలక."

గుండయ్య అతని మొహం చూశాడు. నాడె విసరడం కాదు, ఒకరి తరువాత ఒకరు కాదు. పలక కొట్టినట్టు. చెరో చివర పట్టి, ఒక్క ఊపిరిలో. అందులో ఎవరి వంతూ ఉండదు. ఇద్దరి దెబ్బా ఒకటే.

పిడిని మళ్లీ తీసుకున్నాడు. గుట్ట దిగారు. తోరణం. ఎద్దు లేచింది, కాలు దువ్వింది. పండరి ముక్కుతో గాలి పీల్చుకున్నాడు. ఆ చప్పుడు గుండయ్యకు తెలుసు. పలక లాగే ముందు ప్రతిసారీ వినబడేది. తనూ పీల్చాడు.

"ఊఁ" అన్నారు ఇద్దరూ.

పిల్లగాడు పక్కకు ఒరిగాడు. ఒరుగుతూనే కత్తి పడింది. ఎద్దు మెడ మీద రాయి చిట్లింది.

"ఊఁ."

మళ్లీ పడింది. మళ్లీ. వాళ్ల ఊపు వాళ్లకు దొరికింది. అద్దం వైపు చూడనక్కరలేకపోయింది. గుండయ్య పండరి ఊపిరి వింటున్నాడు, పండరి గుండయ్య ఊపిరి వింటున్నాడు. ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్క లేదు. ఎద్దు మోకాళ్ల మీద కూలి, కంకర కుప్ప అయిపోయింది. తోరణం వెనక నుంచి మెట్లు లేచాయి. పిల్లగాడు ఎక్కిపోయి చెయ్యి చాపితే, ఐదో దీపం వెలిగింది. ఆ వెలుతురు గుట్టల మీదుగా గడ్డి మీదికి పాకుతూ వచ్చింది.

పండరి నవ్వాడు. గట్టిగా, నోరు తెరిచి, పక్క బెడ్డు ముసలమ్మ ఉలిక్కిపడి లేచేలా నవ్వాడు. గుండయ్య ఆ నవ్వును ఇన్నాళ్లూ పక్క నుంచి విన్నాడు. ఇప్పుడు ఎదురుగా వచ్చింది. అతని ఒళ్లంతా వెచ్చబడింది. నవ్వు చివర పండరి గొంతు విరిగి, భుజాలు కదిలాయి. పొలమారింది అనుకుని గుండయ్య గ్లాసులో రెండు గుక్కల నీళ్లు పోసి ఇచ్చాడు. రెండే. అంతకన్నా ఎక్కువ తాగకూడదు.

నాలుగు దాటాక రాజశ్రీ సూదులు తీసింది. దూది పెట్టిన చోట గుండయ్య బొటనవేలితో పది నిమిషాలు నొక్కి పట్టుకున్నాడు. తరువాత పండరి చెప్పులు వేసుకుంటుంటే, మిషన్‌కు రెండు పిడులూ తగిలించి, పంచె చెంగుతో అద్దం తుడిచి, రాజశ్రీ దగ్గరికి తీసుకుపోయాడు. గెలిచినవాడు ఇవ్వగలిగినంత ధారాళంగా అన్నాడు.

"ఆ పిలగానికి ఇయ్యి బిడ్డా. ఏ బెడ్డుకు మార్చినవో ఏమో. మళ్ల ఇటే తీసుకరాపో, నాకేం లేదు."

రాజశ్రీ మిషన్ అందుకోలేదు.

"మీకు చెప్పలేదా తాతా? మహిపాల్ అన్న లేడు. నిన్న తెల్లారంగ పానం పోయింది. ఇంట్లనే. నిద్రల గుండె ఆగింది. పొద్దున వాళ్ల తమ్ముడు భానుచందర్ వచ్చి చెప్పి, ఇది పండరి తాతకు ఇచ్చిపోయిండు."

గుండయ్య చేతిలో మిషన్ అలాగే ఉంది.

"శుక్రవారం మీరు పోయినంక నేను మహిపాల్ అన్నను అడిగిన, బెడ్డు మార్తవా అని. నవ్విండు. ఆ తాతకు బెడ్డు తోటి పనిలేదు సిస్టర్, ఆయన ఎడమ చెయ్యి సూడు, నేను పిలగాన్ని ఎటు నడిపిస్తె అటు మోకాలు మీద ఆడ్తది అన్నడు. సోమవారం ఎడమ పక్క ఆయనకే ఇస్త, నేను చూస్త అన్నడు. ఇంట్ల గూడ చెప్పిండట."

గుండయ్య తన ఎడమ చెయ్యి వైపు చూసుకున్నాడు. అది ఆడుతుందని అతనికి ఎవరూ చెప్పలేదు.

ఆటోలో మిషన్ పండరి ఒళ్లో ఉంది. మట్టెవాడ దాటి, సందు మలుపులో పండరిని దించుతూ గుండయ్య అడిగాడు.

"ముందే ఎందుకు చెప్పలే?"

"చెప్తె పిడి పట్టుదువా?" అన్నాడు పండరి. "గా ఐదో దీపం ముట్టియ్యాలెనని ఉండె. గాయనకు." గేటు పట్టుకుని లోపలికి నడిచాడు.

ఇంటికి వచ్చేసరికి బక్కమ్మ చరఖా దగ్గరే ఉంది.

"ఎట్లున్నడు సవతి?"

"పోయిండు" అన్నాడు గుండయ్య.

ఆమె ఇంకో మాట అనబోయి తల ఎత్తింది. అతని మొహం చూసింది. చరఖా చక్రం చెయ్యి లేకుండా ఒకటి రెండు చుట్లు తిరిగి ఆగింది.

మర్నాడు పొద్దున గుండయ్య చాయ తాగి కొట్టంలోకి పోయాడు. చీపురు ముట్టలేదు. గూట్లోంచి కత్తెర తీశాడు. సగం నేసిన జంపఖానా ముందు కాసేపు నిలబడి, గుంతలోకి దిగి, తన చోట కూర్చున్నాడు. ఎడమ అంచు నుంచి పడుగు పోగులు పిడికెడు పిడికెడు కోసుకుంటూ, ముడి వేసుకుంటూ, పండరి చోటికి జరుగుతూ పోయాడు. కోసినకొద్దీ మగ్గం వదులైంది. బక్కమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. ఆ జంపఖానా ఎవరి కోసం అలా ఆపి ఉంచాడో ఆమెకు తెలుసు. పండరి ఇక ఆ గుంతలోకి దిగడని అయిదు నెలలుగా తెలిసింది కూడా ఆమెకే.

అన్నీ కోశాడు గాని నాడె నుంచి వచ్చే పేక దారం కోయలేదు. నాడెను దారంతోనే ఉంచి లోపల పెట్టి, జంపఖానా చుట్ట చుట్టి, భుజాన వేసుకుని ఆటో ఎక్కాడు.

హనుమకొండలో ఇల్లు వెతకనక్కరలేకపోయింది. రాజశ్రీ చెప్పిన సందు మొదట్లోనే గుడారం కనబడింది. మూడో దినం. పొద్దున్నే కావడంతో ఇంకా జనం రాలేదు. ఇంటి ముందు సిమెంటు అరుగు ఖాళీగా ఉంది. గుండయ్య ఎవరినీ పిలవకుండా జంపఖానా విప్పి అరుగు మీద పరిచాడు. అది అరుగులో సగం వరకే వచ్చింది. మూలలు లాగి, ముడతలు అరచేత్తో తీశాడు.

లోపలి నుంచి ఒక ఆమె వచ్చి గడపలో నిలబడింది. మహిపాల్ భార్య సుభాషిణి. బొట్టు ఉంది, కళ్లు వాచి ఉన్నాయి.

"ఎవరు?"

"దవాఖానల..." అన్నాడు గుండయ్య.

ఆమె అతని మొహం చూడలేదు. జంపఖానా మీద ఆనించిన అతని ఎడమ చెయ్యి చూసింది.

"గుండయ్య మామనా?" అంది.

అతను తల ఊపాడు. మూడు నెలల్లో మహిపాల్‌ను అతను ఇల్లెక్కడ అని అడగలేదు, పిల్లలెందరు అని అడగలేదు.

"ఐదోది అయిందా మామా? ఆయన గదే అనుకుంట పండుకున్నడు."

"అయింది బిడ్డా."

ఆమె గడపలోనే కూర్చుండిపోయింది. సందు చివర మనుషుల మాటలు వినబడ్డాయి. గుండయ్య లేవబోయి ఆగాడు. కుడి అంచున, దారం చివర, ఐదు నెలలుగా కదలని నాడె ఉంది. దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. మొదటిసారి కుడి పక్క నుంచి విసిరాడు. అది ఎరుపు మీదుగా, నీలం చార పక్కగా జారుతూ పోయి, అవతలి అంచున ఆగింది.

దాన్ని అక్కడే వదిలేసి అతను మెట్లు దిగి వెళ్లిపోయాడు. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే కుడి వైపు నుంచి కూర్చుంటూ వచ్చారు. ఎడమ అంచున నాడె, దాని వెనక పలక దెబ్బ పడని ఒక్క పోగు.